ఇరవై బొమ్మల్లో అసలుదేది?

2016లో ఆల్బర్టో కైరో సరదాకి ఒక డైనోసార్ బొమ్మ వేశారు. ఆయన స్పెయిన్ నుంచి వెళ్లి అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయంలో గణాంక చిత్రాల పాఠాలు చెప్పే పాత్రికేయుడు. గీతలేమీ గీయలేదు, కంప్యూటర్ తెర మీద 142 చుక్కలు పెట్టారంతే. ప్రతి చుక్కకూ అడ్డం కొలత ఒకటి, నిలువు కొలత ఒకటి ఉంటాయి కాబట్టి ఆ బొమ్మను రెండు వరుసల అంకెల పట్టికగా కూడా రాసుకోవచ్చు. బొమ్మ దాచేసి, పట్టిక మాత్రం చేతికిచ్చి ‘ఇందులో ఏముందో చెప్పండి’ అంటే ఎవరైనా ఏం చేస్తారు? సగటు తీస్తారు. విచలనం తీస్తారు. రెండు వరుసలకూ పొత్తేమైనా ఉందేమోనని సహసంబంధ గుణకం చూస్తారు. అది దాదాపు సున్నా వస్తుంది. చెప్పుకోదగ్గదేమీ లేదని పట్టిక మూసేస్తారు. నోరు తెరుచుకుని నిలబడ్డ అంత పెద్ద జంతువు మూడు లెక్కల్లో దేనికీ చిక్కదు.

మరుసటి ఏడాది ఆటోడెస్క్ పరిశోధనశాలకు చెందిన జస్టిన్ మతేకా, జార్జ్ ఫిట్జ్‌మారిస్ ఈ సరదాను ఒక పద్ధతిగా మార్చారు. డైనోసార్‌లోని ఏదో ఒక చుక్కను రవ్వంత కదుపుతారు. సగటులు, విచలనాలు, సహసంబంధం మళ్లీ లెక్కిస్తారు. రెండు దశాంశ స్థానాల దాకా ఏదీ మారకపోతే ఆ కదలిక చెల్లుతుంది, మారితే చుక్క మళ్లీ పాత చోటికే. చెల్లినవాటిలోనూ తాము కోరిన ఆకారం వైపు, అంటే నక్షత్రం వైపో వలయం వైపో, జరిగే కదలికలకే మొగ్గు. మొదట్లో దారి తప్పినా కొంత ఓర్చుకుంటారు, పోనుపోనూ పట్టు బిగిస్తారు. కొలిమిలో కాల్చిన లోహాన్ని నిదానంగా చల్లార్చే పనిని చూసి పుట్టిన లెక్క ఇది. ఇలా అలసట లేని కంప్యూటర్ చేత పదేపదే చేయిస్తే డైనోసార్ కరిగి నక్షత్రమైంది, వలయమైంది, అడ్డగీతలైంది. మొత్తం పన్నెండు కొత్త బొమ్మలు వచ్చాయి. లెక్కలు మాత్రం అన్నింటికీ అవే.

బొమ్మ వేయకుండా లెక్కను నమ్మొద్దన్న ఈ హెచ్చరిక పాతదే. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోమ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న పట్టికలు తయారుచేశారు. ఒక్కోదానిలో 11 చుక్కలు. నాలుగింటికీ అడ్డం సగటు 9, నిలువు సగటు 7.5, సహసంబంధం 0.816. గీసి చూస్తే ఒకటి మామూలు చుక్కల మబ్బు, ఒకటి విల్లులా వంగిన గీత, ఒకటి సరళరేఖలో నడుస్తూ ఒక్క చుక్క దారి తప్పినది, నాలుగోది నిట్టనిలువు వరస, దూరంగా ఒంటరి చుక్క.

ఆన్‌స్కోమ్ నాటికి బొమ్మ వేయడమే పెద్ద పని. ఇప్పుడు పని తిరగబడింది. పట్టిక ఇస్తే కంప్యూటర్ క్షణంలో వంద బొమ్మలు ముందు పోస్తుంది. ఆ వందలో ఏది మంచిది, ఏది చూడాలి, చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి? డేటా విజువలైజేషన్ పరిశోధన ఇప్పుడు ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతోంది. మొదటి రెండింటికీ జవాబులు బాగానే దొరికాయి. దొరికినకొద్దీ మూడోది బరువెక్కింది.

కంటి లెక్క

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పుచ్చకాయ చక్రాన్ని కాస్త ఎచ్చుతగ్గులతో ఐదు బద్దలు కోసి, ఏది పెద్దదో చూపుతోనే చెప్పమనండి. తగువు తేలదు. ఐదు చెరుకు ముక్కల్ని గోడకు ఆనించి వరసగా నిలబెట్టండి. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మొదటిది పై చార్ట్, రెండోది బార్ చార్ట్.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో ఈ తేడాను కొలిచి చూపారు. మనుషులకు రకరకాల గ్రాఫులు చూపించి, ‘చిన్నది పెద్దదానిలో ఎంత శాతం?’ అని అడిగి, ఎవరెంత తప్పారో లెక్క కట్టారు. ఒకే నేల మీద నిలబడ్డవాటి ఎత్తును కన్ను అన్నింటికంటే బాగా పోల్చుతుంది. నేల వేరైతే, అంటే ఉత్త పొడవు మాత్రమే చేతిలో ఉంటే, కాస్త తడబడుతుంది. కోణం దగ్గర ఇంకాస్త. వైశాల్యం, రంగు ముదురు లేతల దగ్గరికి వచ్చేసరికి ఉజ్జాయింపు తప్ప లెక్క ఉండదు. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో జెఫ్రీ హీర్, మైక్ బోస్టాక్ అదే పరీక్షను ఇంటర్నెట్‌లో చిల్లర పనులు చేసిపెట్టే జనం మీద మళ్లీ నడిపారు. ప్రయోగశాల గది లేదు, ఎవరి తెర వాళ్లది. అయినా వరుస అదే వచ్చింది. అప్పటినుంచి ఏ కొత్త చిత్ర పద్ధతినైనా వందలమంది కళ్ల మీద చవగ్గా పరీక్షించే దారి తెరుచుకుంది.

ఈ వరుస తెలియకపోతే ఏమవుతుందో హార్వర్డ్‌లో మిషెల్ బోర్కిన్ బృందం 2011లో చూపింది. గుండె రక్తనాళాల్లో జబ్బు పొంచివుండే చోట్లను కంప్యూటర్ రంగులతో చూపిస్తుంది. అలవాటుగా వాడే ఇంద్రధనుస్సు రంగులతో, నాళాన్ని త్రిమితీయంగా చూపించినప్పుడు, చూసినవారు ప్రమాదకరమైన చోట్లలో 39 శాతమే పట్టుకోగలిగారు. నాళాన్ని విప్పి చదునుగా పరిచి, ఎరుపు నుంచి నలుపుకు మెల్లగా దిగే రంగులు వాడితే అది 91 శాతమైంది. నాళాలు అవే, కొలతలు అవే. ఇంద్రధనుస్సులో పసుపు పక్కన ఆకుపచ్చ వచ్చిన చోట కంటికి గట్టు ఉన్నట్టు తోస్తుంది, డేటాలో అక్కడ గట్టేమీ ఉండదు.

బొమ్మల గుణింతం

కన్ను దేన్ని ఎలా చదువుతుందో తెలిశాక, ఆ జ్ఞానాన్ని యంత్రానికి ఎక్కించాలంటే బొమ్మలకు వ్యాకరణం కావాలి. మామూలు స్ప్రెడ్‌షీట్‌లో బార్, పై, లైన్ అని వేర్వేరు అచ్చులు ఉంటాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇది ప్రతి అక్షరాన్నీ విడిగా బట్టీపట్టడం లాంటిది. మనం తెలుగు అలా నేర్చుకోలేదు. హల్లులు కొన్ని, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము కొన్ని. వీటిని కలిపే పద్ధతి వస్తే ఎన్నడూ చూడని అక్షరమైనా రాయగలం.

బొమ్మలకూ ఇలాంటి గుణింతం ఉందని మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రెంచి పటాల నిపుణుడు జాక్ బెర్టాఁ, 1967లో. చుక్క, గీత, పరచిన చోటు అనేవి హల్లులు. స్థానం, పరిమాణం, రంగు, ఆకారం, వాలు అనేవి గుణింతపు గుర్తులు. లీలండ్ విల్కిన్సన్ 1999లో దీన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే వ్యాకరణంగా పుస్తకం రాశారు. దాని వారసత్వంలోనే హాడ్లీ విక్‌హామ్ తయారుచేసిన జీజీప్లాట్2 వచ్చింది, తరవాత అరవింద్ సత్యనారాయణ్, డొమినిక్ మోరిట్జ్, కనిత్ వాంగ్‌సుఫసవత్, జెఫ్రీ హీర్ కలిసి చేసిన వేగా-లైట్ వచ్చింది.

ఒక ఉదాహరణ అనుకుందాం. మదనపల్లె టమాటా మార్కెట్ పట్టిక చేతిలో ఉంది. తేదీ, రకం, వచ్చిన సరుకు, కిలో ధర అని నాలుగు నిలువు వరుసలు. వేగా-లైట్‌కు చెప్పాల్సింది ఇంతే: తేదీ అడ్డంగా, ధర నిలువుగా, రకం రంగుగా, గుర్తు గీత. గీతకు బదులు చుక్క అనండి, ఒక్క మాట మారింది, బొమ్మ మారిపోయింది. ‘రకానికో గడి’ అనండి, ఒక్క బొమ్మ చిన్న బొమ్మల వరసైంది. అక్షాల మీద అంకెలు, రంగుల సూచిక అదే సర్దుకుంటుంది. ఎలా గీయాలో చెప్పనక్కర్లేదు, ఏం కావాలో చెబితే చాలు.

సంబంధాలు చూసే యంత్రం

వ్యాకరణం వచ్చాక యంత్రం తానే వాక్యాలు కట్టగలదు. నాలుగు వరుసల పట్టికలోంచి ఏ రెండింటిని జత చేసినా ఆరు జతలు. ఒక్కో జతకూ గుర్తులు, రంగులు, అక్షాలు మార్చుకుంటూపోతే బొమ్మలు వందల్లోకి వెళ్తాయి. చాలామటుకు చెత్త. ఏరడం ఎలా?

దీనికి పునాది 1986లో స్టాన్‌ఫర్డ్‌లో జాక్ మెకిన్లే వేశారు. ఆయన పెట్టిన షరతులు రెండు. బొమ్మ ఉన్నదంతా చెప్పాలి, లేనిది చెప్పకూడదు. అలా చెప్పేవాటిలో కంటికి సులువైనది ముందు రావాలి. టమాటా రకాల పేర్లను అడ్డంగా పెట్టి, ధరలను గీతతో కలిపితే మొదటి షరతు తప్పినట్టే. ఒక రకానికీ మరో రకానికీ మధ్య ఏదో ఉన్నట్టు ఆ గీత అబద్ధమాడుతుంది.

2018లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం తెచ్చిన డ్రాకో ఈ ఆలోచనను బాగా ముందుకు తీసుకెళ్లింది. అది పనిచేసే తీరు మన పెళ్లిసంబంధాల పేరయ్యకు కొత్త కాదు. కొన్ని నియమాలకు మినహాయింపు లేదు. సంప్రదాయం పాటించే ఇంట్లో గోత్రం ఒకటైతే మాటే ఎత్తరు. మరికొన్నింటికి సర్దుబాటు ఉంటుంది. ఎత్తు ఒక అంగుళం తక్కువ, ఊరు కాస్త దూరం, కానీ ఉద్యోగం బాగుంది. ఒక్కో లోటుకు మనసులో ఒక్కో బరువు వేసుకుని, మొత్తం మీద తక్కువ బరువు ఉన్నదాన్ని ఖాయం చేస్తాం. డ్రాకోలోనూ అంతే. ‘బార్ ఎత్తు సున్నా నుంచే మొదలవాలి’ లాంటివి దాటరానివి. ‘ఒకే బొమ్మలో మరీ ఎక్కువ రంగులు వద్దు’ లాంటివి దాటితే జరిమానా. ఏ జరిమానా ఎంతన్నది రచయితల ఇష్టానికి వదల్లేదు. మనుషుల మీద చేసిన దృష్టి పరీక్షల ఫలితాల్లోంచి యంత్రమే నేర్చుకుంటుంది. కొత్త పరీక్ష జరిగితే బరువులు మళ్లీ సవరించుకోవచ్చు. పరిశోధన పత్రాల్లో ఉండిపోయే జ్ఞానం ఇలా పనిలోకి వచ్చింది.

ఇదే కోవలో వాయేజర్ అనే పరికరం మీరు ఒక వరుస మీద వేలు పెడితే దానికి సంబంధించిన బొమ్మలన్నీ గ్యాలరీలా పరుస్తుంది. 2015లో మానసీ వర్తక్, ఆమె సహచరులు చేసిన సీడీబీ ఇంకో ప్రశ్న వేస్తుంది: మీరు చూస్తున్న భాగం మిగతా మొత్తంతో ఎక్కడ బాగా విభేదిస్తోంది? మే నెల టమాటా మిగతా నెలల్లాగే ఉన్న బొమ్మల్ని పక్కన పెట్టి, వేరుగా ఉన్నవాటిని ముందుకు తెస్తుంది. ఇప్పుడు పెద్ద భాషా నమూనాల వంతు. 2023లో విక్టర్ డిబియా రూపొందించిన లీడా వాటి సాయంతో పట్టికను చదివి, దాన్ని క్లుప్తంగా చెప్పి, అడగదగ్గ ప్రశ్నలు తానే వేసుకుని, బొమ్మకు కావలసిన కోడ్ కూడా రాసిపెడుతుంది.

అర సెకను

వెతుకులాటకు వేగం కూడా కావాలి. 2014లో లియు అనే పరిశోధకుడు, జెఫ్రీ హీర్ కలిసి చేసిన ప్రయోగంలో ఒకే పరికరాన్ని రెండు రకాలుగా ఇచ్చారు. ఒకదానిలో ప్రతి కదలికకూ అర సెకను ఆలస్యం కలిపారు. ఆ మాత్రానికే జనం తక్కువ కదిపారు, డేటాలో తక్కువ చోట్లు చూశారు, గమనించినవీ తగ్గాయి. అడుగడుగునా అడ్డు తగిలితే మనిషి కుతూహలం చంపుకుంటాడు.

వందకోట్ల వరుసల డేటాను అర సెకనులోపు ఎలా చూపాలి? కిటుకు తెరలోనే ఉంది. మామూలు హెచ్‌డీ తెర మీద ఉన్న చుక్కలు 1920 × 1080, అంటే సుమారు 20 లక్షలు. వందకోట్ల చుక్కలు గీసినా కనబడవు, ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మచ్చవుతుంది. కాబట్టి తెరను గడులుగా కోసి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో ముందే లెక్కపెట్టి ఉంచుకుంటే చాలు. ఆ తరవాత మీరు మౌస్ కదిపితే కూడాల్సింది గడుల్నే. 2013 నాటి ఇమ్మెన్స్ ఈ దారిలో నడిచింది, దాని తరవాతివారు అదే దారిని వెడల్పు చేశారు.

ఇరవై చుక్కల బస్సు

యంత్రం చూపేది కచ్చితంగా తెలిసినదే కానక్కర్లేదు. బస్సు 10 నిమిషాల్లో వస్తుందని ఫోన్ చెబుతుంది. ఎదురుగా టీ కొట్టు. వెళ్లొచ్చా? ‘10’ అనే అంకె దానికి జవాబు చెప్పదు. గంట ఆకారపు సంభావ్యత గీత చెబుతుంది కానీ దాని కింది వైశాల్యం కన్ను కొలవలేదు.

2016లో మాథ్యూ కే, ఆయన సహచరులు ఇలా చేశారు. ఆ గీత స్థానంలో ఇరవై చుక్కలు పేర్చారు. ఒక్కో చుక్క ఇరవైలో ఒక అవకాశం. ఏడో నిమిషానికి ఎడమ పక్కన రెండే చుక్కలు ఉన్నాయనుకోండి. ఏడు నిమిషాల్లో టీ తాగి తిరిగొస్తే ఇరవైలో పద్దెనిమిదిసార్లు బస్సు దొరుకుతుంది. లెక్కపెట్టడమే, గుణకారాలు లేవు. ఇలా చూపినప్పుడు మామూలు గీతతో పోలిస్తే జనం వేసే అంచనాలు తక్కువగా చెదిరాయి. 2018లో బస్సు ఎక్కే నిర్ణయాల మీద చేసిన పరీక్షలోనూ చుక్కలు బాగా నిలబడ్డాయి.

ఇవన్నీ కంటి కోసం. చూపు లేనివారి మాటేమిటన్న ఆలోచన ఆలస్యంగానైనా మొదలైంది. ఇన్నాళ్లూ గ్రాఫ్ దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్‌రీడర్ ‘చిత్రం’ అని ఊరుకునేది, లేదా వెయ్యి అంకెల పట్టిక వరసగా చదివేది. 2022లో ఎంఐటీ బృందం, చూపు లేని పరిశోధకుడినే తమతో కూర్చోబెట్టుకుని, గ్రాఫ్‌ను మెట్లుగా విడగొట్టింది. పైమెట్టులో సారాంశం, దిగితే అక్షాలు, ఇంకా దిగితే విరామాలు, అడుగున ఒక్కో అంకె. ఎంత లోతుకు దిగాలన్నది వినేవారి చేతిలో ఉంటుంది. చూసేవాళ్లం గ్రాఫ్‌ను ఒకసారి మొత్తంగా చూసి, తరవాత వేలు పెట్టి చదువుతాం కదా, అదే పని చెవితో.

ఎక్కువ చూస్తే

ఇప్పుడు మూడో ప్రశ్న. మబ్బుల్లో ఏనుగును చూసే కన్ను చుక్కల్లోనూ చూస్తుంది. వంద బొమ్మలు తిరగేస్తే, ఏమీ లేని డేటాలో కూడా ఐదారింటిలో ఏదో ఉన్నట్టే ఉంటుంది. మన మనసు ఆ ఐదారింటినే గుర్తుపెట్టుకుంటుంది, మిగతా తొంభై నాలుగింటిని లెక్కలోంచి తీసేస్తుంది. ‘వేరుగా ఉన్నదే ముందుకు తెస్తాను’ అనే యంత్రం ఈ బలహీనతకు ఆజ్యం పోస్తుంది.

ఎమాన్యుయెల్ జ్‌గ్రాగెన్, ఆయన సహచరులు 2018లో దీన్ని కొలిచారు. నిజమేదో ముందే తెలిసేలా డేటాను తామే తయారుచేసి, మనుషులకిచ్చి, గ్రాఫులు తిప్పుకుంటూ కనిపెట్టినవి చెప్పమన్నారు. వారు చెప్పినవాటిలో 60 శాతానికి పైగా తప్పులు. యంత్రం అబద్ధం చెప్పలేదు, బొమ్మలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

దీనికి గణాంక శాస్త్రవేత్తలు ఆండ్రియాస్ బుయా, డయాన్ కుక్, హైకె హాఫ్‌మన్, హాడ్లీ విక్‌హామ్ పోలీసుల దగ్గర్నుంచి మందు తెచ్చారు. నిందితుణ్ని ఒక్కణ్నే నిలబెట్టి ‘ఇతనేనా?’ అని అడిగితే సాక్షి తలూపేస్తాడు. అందుకే గుర్తింపు పరేడ్‌లో అలాంటివారి మధ్య నిలబెడతారు. బొమ్మకూ అదే పద్ధతి. ‘ఇందులో ఏ సంబంధమూ లేదు’ అనుకుంటే డేటా ఎలా ఉండేదో అలాంటి ఉత్త బొమ్మలు పంతొమ్మిది తయారుచేయాలి. అందుకు తేలికైన దారి, పట్టికలో ఒక వరుసను పేకముక్కల్లా కలిపేయడం. వాటి మధ్య అసలు బొమ్మను ఎక్కడో దాచి, దాన్ని ముందు చూడనివారికి ఇరవై బొమ్మలూ చూపించి, వేరుగా ఉన్నదేదో అడగాలి. అసలుదాన్ని ఊరికే గుడ్డిగా పట్టుకునే అవకాశం ఇరవైలో ఒకటి, అంటే ఐదు శాతం. శాస్త్ర పత్రాల్లో ఆనవాయితీగా పెట్టుకునే గీత కూడా అదే. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు నలుగురు ఆ అసలు బొమ్మ మీదే వేలు పెడితే ఇక అనుమానానికి పెద్దగా తావు లేదు. అసలు బొమ్మ కలపకుండా ఇరవైకి ఇరవై ఉత్తవే చూపించడం ఇంకో సాధన. ఏమీ లేకపోయినా మన కన్ను ఎన్ని కథలు అల్లుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఆరో నంబరు

ఇది రాస్తూ నా మీద నేనే ప్రయోగం చేసుకున్నాను. ఫోన్ నా నడక లెక్కపెడుతుంది. సోమవారాలు నేను ఎక్కువ నడుస్తానని చాలాకాలంగా నమ్మకం. వారం మొదట్లో హుషారుంటుందని దానికి కారణం కూడా సిద్ధం చేసుకున్నాను. మూడు నెలల లెక్క తీసి వారాలవారీగా చుక్కలు పెడితే సోమవారం పైనే ఉంది. ఇంట్లో అందరికీ చూపించాను.

ఆ తరవాత వారాల పేర్లను పంతొమ్మిదిసార్లు కలిపి పంతొమ్మిది బొమ్మలు వేశాను. అసలుదాన్ని ఆరో చోట దాచి, పండక్కి ఊరినుంచి వచ్చిన అక్క కూతురి ముందు పెట్టాను. తను నా సోమవారాల గొప్ప వినలేదు.

‘‘వేరుగా ఉన్నదేదో చెప్పమ్మా.’’

కాసేపు చూసింది. ‘‘పదమూడు, మావయ్యా. ఈ శుక్రవారం చూడు, ఎంత పైకి పోయిందో. ఆ రోజు ఎక్కడికి వెళ్తావు?’’

పదమూడోది పేకముక్కలు కలిపితే పడ్డ బొమ్మ. ఆ శుక్రవారం లేనే లేదు. నా నమ్మకం తప్పని దీంతో తేలిపోలేదు. మూడు నెలల లెక్క దాన్ని మోయలేదని మాత్రం తేలింది. మళ్లీ ఆరో బొమ్మ చూశాను. నిన్నటిదాకా అందులో సోమవారం కొట్టొచ్చినట్టు కనిపించేది. ఇప్పుడు పంతొమ్మిది కట్టుకథల మధ్య నిలబడి, అది ఇరవయ్యోదానిలా ఉంది.